సాక్షి సీసా

ఫిబ్రవరి 3

పాలు మాడ్చాను. స్టవ్ ముందు నిలబడే మాడ్చాను. కళ్ళు పేపర్లో ఉన్నాయి, సరే. ముక్కు మాత్రం గిన్నెకి జానెడు దూరంలోనే ఉంది. పక్కగదిలోంచి మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే నీకు తెలియట్లేదా అమ్మా అంది. జలుబే అన్నాను. ఎప్పట్నుంచి అంది. పదిహేనేళ్ళకే లాయరు బుర్ర.

జలుబు నవంబరులోనే పోయింది. పోతూ పోతూ నా ముక్కుని కూడా వెంట తీసుకెళ్ళింది.

ఈ మాట ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ఇక్కడ పెట్టాను.

ఫిబ్రవరి 4

బ్రూవరీలో నన్ను నాలుక మేడం అంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గర్నుంచి ఓనరు దాకా అదే పేరు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి బీరు రుచి చూసే ఉద్యోగమేమిటని మా అత్తగారు మొదట్లో చాలా బాధపడింది. చుట్టాలు అడిగితే మా కోడలు ల్యాబులో చేస్తుంది అని అక్కడితో ఆపేసేది. అబద్ధమేం కాదు.

పదకొండేళ్ళు. ట్యాంకులోంచి ఏ బీరు బయటికి వెళ్ళాలన్నా ముందు నేను సరే అనాలి.

ఇప్పుడు సంగతేమిటంటే, నాలుక ఉంది. తీపి, చేదు, పులుపు, ఉప్పు నాలుక పని, అవి బాగానే తెలుస్తున్నాయి. మిగతాదంతా ముక్కు పని. గోధుమ బీరులో అరటిపండు, దాని వెనకే లవంగం. నల్లటి స్టౌట్‌లో కాఫీ, మాడిన బ్రెడ్డంచు. లాగర్‌లో అప్పుడే కోసిన గడ్డి. హాప్స్ పువ్వు దండిగా వేసిన ఐపీఏలో నారింజ తొక్క. నాకివన్నీ ఇప్పుడు వట్టి మాటలు. స్టౌట్ అంటే చల్లటి చిక్కటి చేదు. గోధుమ బీరు అంటే కాస్త పులుపెక్కిన మబ్బునీళ్ళు.

మరి మూడు నెలలుగా షీట్లు ఎలా నింపుతున్నాను? పెద్దాయన మొహం చూసి.

పెద్దాయన పాత హెడ్ బ్రూవరు. డెబ్బై ఒకటి. రిటైరైపోయినా బుధ, శనివారాలు పదకొండింటికి టేస్టింగుకి వస్తారు. నా ఎదురుగానే కూర్చుంటారు. గుక్క తాగగానే ఆయన మొహం ప్రింటవుట్ తీసినట్టు ఉంటుంది. వెన్న వాసన తగిలితే ఎడమ కనుబొమ్మ లేస్తుంది. తడి అట్ట వాసనైతే పెదాలు లోపలికి పోతాయి. నచ్చితే కళ్ళు మూసి గడ్డం కిందికి దించుతారు. మా ఆయన మొహం కూడా నాకింత బాగా చదవడం రాదు.

చదివి రాస్తున్నాను. ఇంతవరకూ ఒక్క తప్పూ పోలేదు. అదే భయంగా ఉంది.

ఫిబ్రవరి 11

డాక్టరు ఆర్నెల్లు చూద్దాం అన్నాడు. దేన్ని చూడాలో చెప్పలేదు.

ఫిబ్రవరి 17

బుడ్డి ఇవాళ ట్యాంకు మూత తీసి నన్ను రమ్మంది. పొట్టిగా ఉంటుందని, చేసేది సీసాల్లోకెళ్ళే సరుకని పెద్దాయన పెట్టిన పేరది. ఇరవై ఏడేళ్ళు వచ్చాయి, అయినా ఆయన పిలుపు ఒసే బుడ్డీ అనే. నాలుగేళ్ళ కిందట ట్రైనీగా చేరినప్పుడు గ్లాసు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేనే నేర్పాను. ఇప్పుడు బ్రూవరు. తన సొంత రెసిపీతో మొదటి ట్యాంకు ఇది. పొగ బీరు. బార్లీని కట్టెల పొగ మీద ఆరబెట్టించి తెచ్చుకుంది, దానికోసం ఓనరు చుట్టూ ఏడాది తిరిగింది.

వాళ్ళ నాన్నకి బేకరీ ఉండేదట, కట్టెల పొయ్యిది. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా తలుపు వెనక తగిలిస్తే గదంతా ఒక వాసన వచ్చేదట. ఆయన పోయాక చొక్కాలు ఉతికేశారు. ఆ వాసన మళ్ళీ తేవాలక్కా, వచ్చిందా లేదా నువ్వే చెప్పాలి అంది.

ట్యాంకు మీదికి వంగాను. చల్లగాలి తగిలింది. కళ్ళు మూసుకుని బాగా పీల్చాను.

అబ్బ, వచ్చిందే అన్నాను.

దాని మొహం చూసే అన్నాను.

ఫిబ్రవరి 26, మధ్యాహ్నం

పొద్దుటి టేస్టింగు గురించి రాయాలి. మూడు సార్లు పెన్ను మూత తీసి పెట్టాను.

ఎవరు కాచిన బీరుకి వాళ్ళు ప్యానెల్లో కూర్చోకూడదు. కాబట్టి బుడ్డి బయట ఉంది. లోపల నేనూ, పెద్దాయనా. రెండు గ్లాసులు, రెండు షీట్లు, మంచినీళ్ళు. గోడ మీద పెద్దాయన మాటల అట్ట. అప్పుడెప్పుడో కంపెనీకి ఇంగ్లీషులో రుచుల చార్టు వస్తే, అందులో సగం వస్తువులు మనమెవరమూ వాసన చూసినవి కావని ఆయన పక్కన పెట్టేసి సొంతంగా రాశారు. వెన్న. తడి అట్ట. ఉడికిన మొక్కజొన్న. తుప్పు. అన్నిటికంటే కింద, ఎర్ర ఇంకుతో, ఆసుపత్రి. అంటే బ్యాండేజీ, టించరు వాసన. ట్యాంకులోకి ఎక్కడినుంచో అడవి ఈస్ట్ దూరితే వచ్చేది. ఆ మాట షీటు మీద పడితే ఇక ట్యాంకు మోరీలోకే.

కొత్తవాళ్ళెవరొచ్చినా ఆయన ఒక మాట చెప్తారు. తెలియకపోతే గడి ఖాళీగా వదిలెయ్యి తల్లీ, ఖాళీ గడి ఎవర్నీ ముంచదు అని. పదకొండేళ్ళలో నేనొక్క గడి కూడా ఖాళీగా వదల్లేదు. దాన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

గుక్క తాగాను. సన్నటి తీపి, నిదానంగా చేదు. నాలుకకి ఏ లోపమూ తగల్లేదు. అలవాటుగా తలెత్తి ఆయన్ని చూశాను.

ఆయన మొహం కుడివైపు మొత్తం ముడుచుకుపోయింది. కన్ను మూసుకుపోయింది. చెయ్యి దవడ మీదికి వెళ్ళింది. పదకొండేళ్ళలో ఏ బీరుకీ ఆ మొహం చూడలేదు. ఇంత ఘోరంగా మొహం పెట్టించే మాట ఆ అట్ట మీద ఒక్కటే ఉంది. పైగా పొగ, ఆసుపత్రి రెండూ ఒకే వీధిలో ఉండే వాసనలు. కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ వీధి పేరు ఫినాల్స్ అని కూడా నాకు తెలుసు. బుడ్డి కొత్త, ట్యాంకు కడగడంలో ఎక్కడో పొరపాటు చేసుంటుంది. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

వాసన గడిలో ఆసుపత్రి అని రాశాను. పక్కన ఘాటు పదికి ఎనిమిది.

షీట్లు మార్చుకున్నాం. ఆయన షీటులో ఉన్నది ఇది. పొగ. బ్రెడ్డంచు. శుభ్రంగా ఉంది. పాస్.

నేనది చదివాను. స్పష్టంగా చదివాను.

ఆయన నా షీటు చాలాసేపు చూశారు. మళ్ళీ గ్లాసెత్తి వాసన చూశారు. తర్వాత తన షీటు నా చేతిలోంచి తీసుకుని అడ్డంగా ఒక గీత గీసేశారు. నీ నాలుక ముందు నాదెంత తల్లీ, ఇవాళ నా నోరు నా మాట వినట్లేదు అన్నారు. నా షీటు కింద సంతకం పెట్టేశారు.

ఆ గీతకీ సంతకానికీ మధ్య కాస్త టైముంది. ఒక మాట అనడానికి సరిపోయేంత. ఆగండి, నాకు వాసన రావట్లేదు. నాలుగు మాటలు. నోటిదాకా వచ్చాయి కూడా.

మరి ఆ మొహం దేనికి పెట్టారని కూడా అడగలేదు. అడిగితే మొహమెందుకు చూశావంటారు.

ఫిబ్రవరి 27

ఆ బీరులో అడవి ఈస్ట్ మొలుస్తుందేమో చూసే ల్యాబు ప్లేట్ల రిజల్టు రావడానికి ఐదు రోజులు. ఓనరు ఆగనన్నాడు. ట్యాంకు కావాలి, వెనక లాగర్ కాచుకుని ఉంది, నాలుక మేడం చెప్పాక ప్లేట్లెందుకు అన్నాడట.

వాల్వు బుడ్డే తిప్పింది. వేరేవాళ్ళు తిప్పుతార్లే అన్నాను. నా బీరుని నేనే సాగనంపుతానక్కా అంది. మోరీ దగ్గర నురగ చీలమండల దాకా లేచింది. సీసాల సెక్షనువాళ్ళు చప్పుడుకి వచ్చి నిలబడ్డారు. ఒకతను ఏం వాసనరా బాబూ, దీన్నా పారబోస్తున్నారు అన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

అంతా అయ్యాక నా దగ్గరికొచ్చింది. రోజూ పొద్దున్నే వాసన చూశానక్కా, నాకెందుకు దొరకలేదు అంది. ఏడవలేదు. పాఠం అడిగినట్టు అడిగింది.

పొగ కింద దాక్కుని ఉంటుంది, వెతికితే తెలుస్తుంది అన్నాను.

ఎందుకన్నాను ఆ మాట? షీటు భయంతో రాశాను అనుకుందాం. ఇది? దీనికి సాకు కూడా దొరకడం లేదు.

మార్చి 3

ప్లేట్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క చుక్క కూడా మొలవలేదు. ప్లేట్ల మీద పెరగని రకాలు కూడా ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఉంటాయి. నిజమే. ఎవరూ రిజల్టు అడగలేదు. ఫైల్లో పెట్టేశాను.

మార్చి 7

పెద్దాయన బుధవారం రాలేదు. ఇవాళ బుగ్గ వాచి వచ్చారు. దవడ పన్ను పీకించుకున్నారట. నెల్లాళ్ళుగా పుచ్చి ఉంది, పీకుడంటే భయమేసి లాక్కొచ్చా, ఆ పొగ బీరు రోజు చల్లటిది సూటిగా దాని మీద పడింది, ప్రాణం పోయి వచ్చిందనుకో అన్నారు. ఓనరు నవ్వాడు. డెబ్బై ఏళ్ళొచ్చినా సూదంటే భయమా పెద్దాయనా అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

మార్చి 8

పన్ను. ఒక్క పన్ను.

మార్చి 12

బుడ్డి మానేసింది.

వారం రోజులుగా దానికి ప్రతి ట్యాంకులోనూ ఆసుపత్రి వాసనే వస్తోందట. లాగర్‌లో వచ్చిందట, స్టౌట్‌లో వచ్చిందట. నిన్న కడిగి ఆరబెట్టిన ఖాళీ ట్యాంకులో తల పెట్టి, ఇందులో కూడా ఉంది అందట. సీసాలవాళ్ళు నవ్వారట. ఇవాళ కాగితం ఇచ్చేసింది. ముక్కు పనికిరానిదానికి ఇక్కడేం పనక్కా అంది.

నాతో అంది. నాతో.

తన టేస్టింగు గ్లాసు నా టేబులు మీద పెట్టి, ఇది నువ్వు ఉంచుకో అంది. గేటు దాకా వెళ్ళాను. వాచ్‌మన్ ఉన్నాడు, ఆటో ఆగి ఉంది, ఇక్కడెలా చెప్తాం అనుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది నాకు.

మార్చి 14

ప్రతి ట్యాంకు నుంచీ మూడు సీసాలు తీసి ల్యాబు ఫ్రిజ్‌లో ఆర్నెల్లు ఉంచుతాం. ఎక్కడినుంచైనా కంప్లైంటు వస్తే చూడ్డానికి. సాక్షి సీసాలంటాం. పారబోసిన ట్యాంకుకి ఇక కంప్లైంటేముంది? అందుకే ఎవరికీ గుర్తు లేవు. వెనక వరసలో మూడూ ఉన్నాయి. బుడ్డి చేతిరాతతో, పొగ, 1, 2, 3.

మూడూ రిజిస్టరులో రాయించుకుని ఇంటికి తెచ్చాను. భోజనాల బల్ల మీద పెట్టి మొదటిది తెరిచాను. మధ్యాహ్నం, మా ఆయనా, అమ్మాయీ ఇంట్లోనే ఉన్నారు. మా ఆయనకి కళ్ళజోళ్ళ షాపు, బీరు ముట్టుకోరు. వాసన చూసి చెప్పండి అన్నాను. ఆయన గ్లాసు దగ్గరికి ముక్కు పెట్టి, కట్టెల పొయ్యిలా ఉంది, బాగుందో లేదో నువ్వు కదా చెప్పాల్సింది అన్నారు. బ్యాండేజీలా ఏమన్నా ఉందా అన్నాను. బ్యాండేజీ ఏమిటి అన్నారు.

అమ్మాయి కూడా చూసింది. కాల్చిన బ్రెడ్డు అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి నా వైపు చూసి, నీకసలు రావట్లేదు కదమ్మా అంది.

చెప్పాను. మొత్తం. పన్నుతో సహా.

నాలుగు నెలలా అన్నారు ఆయన. పొద్దున లేస్తే ఊరందరి కళ్ళూ టెస్టు చేస్తాను, ఇంట్లో ఇది కనపడలేదే అన్నారు. తిడతారనుకున్నాను. తిడితే కాస్త హాయిగా ఉండేది.

మార్చి 16, సాయంత్రం

రెండో సీసా పట్టుకుని పెద్దాయన ఇంటికెళ్ళాను. వాళ్ళావిడ లోపల మందులపెట్టె సర్దుతోంది. మెట్ల మీద కూర్చున్నాం. ముందు తాగండి, తర్వాత చెప్తాను అన్నాను. పన్ను పోయిన చోట నాలుక పెట్టి తడుముకుంటూ, ఏమిటో సస్పెన్సు అంటూ ఒక గుక్క తాగారు.

కళ్ళు మూశారు. గడ్డం కిందికి దించారు.

ఎవరిదిది అన్నారు. బుడ్డిది అన్నాను. అది మోరీలోకి పోయింది కదా అన్నారు. అప్పుడు చెప్పాను.

గ్లాసులో నురగ అణిగిపోయేదాకా చూశారు. చివరికి, అంటే నువ్వు నా మొహం చూసి రాశావు, నేను నీ రాత చూసి కొట్టేశాను, మరి ఆ రోజు బీరు ఎవరు తాగినట్టు తల్లీ అన్నారు.

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాను, ఆయన బుగ్గ పట్టుకుని అమ్మో కుట్లు అన్నారు. ఆవిడ లోపల్నుంచి ఏమైందని వచ్చి, మా ఇద్దర్నీ చూసి మళ్ళీ లోపలికెళ్ళింది.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర, గడి ఖాళీగా వదలమని ఊరందరికీ చెప్పాను, నేను మాత్రం నిండిన గడిని కొట్టేశాను, నా తప్పు కూడా ఉంది అన్నారు. ఆయన తప్పులో వాటా ఇస్తుంటే తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. ఈ నెలలో నేను చేసిన మంచిపని ఇదొక్కటే అనుకుంటా.

మార్చి 18

ఓనరుకి చెప్పాను. ప్లేట్ల ఫైలు ముందు పెట్టాను. ప్యానెలు నుంచి తీసేశాడు. అది సరే. బుడ్డికి ఫోన్ చేయించాడు, రమ్మను, ఇంకో ట్యాంకిస్తాను అన్నాడు. మనిషి అంత చెడ్డవాడు కాదు. ఫోన్ ఎత్తలేదట.

నాకు లేబుళ్ళ సెక్షను ఇచ్చారు. వంకరగా అంటిన లేబుళ్ళు ఏరాలి. దీనికి కళ్ళు చాలు. వాచ్‌మన్ పొద్దున నమస్తే నాలుక మే... అని అక్కడే మింగేశాడు.

మార్చి 23

బుడ్డి అద్దాల షాపులో చేరింది. గోడలకీ బీరువాలకీ అద్దాలు కోసిచ్చే షాపు. అడ్రసు పెద్దాయన ఇచ్చారు. వాసన లేని సరుకు ఏదా అని వెతుక్కున్నానక్కా, గాజు కంటే వాసన లేనిది దొరకలేదు అంది. ఎటు చూసినా మేమిద్దరమే కనిపిస్తున్నాం. తల తిప్పుకుందామన్నా వీల్లేదు.

స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. పాలు మాడిన రోజు నుంచి ప్లేట్ల దాకా. దాక్కుని ఉంటుంది, వెతికితే తెలుస్తుంది అన్నది కూడా నోటికొచ్చిన అబద్ధమే అని చెప్పాను. అరంగుళం అద్దం ముక్క ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

అయిపోయాక, ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేస్తే నీకేం పోయేదక్కా అంది.

జవాబు తెలుసు. నాలుక మేడం పోయేది. అది పైకి చెప్పడానికి నోరు రాలేదు. మూడో సీసా, దాని గ్లాసు సంచిలోంచి తీసి ముందు పెట్టాను. ఇది నీది, ఏ లోపమూ లేదు, పెద్దాయన ప్రమాణం చేసి చెప్పారు, ఒకసారి చూడు అన్నాను. ఇదే చివరిదని చెప్పలేదు. దానికే తెలుసు, నంబర్లు వేసింది తనే.

పోసుకుంది. నేను నేర్పినట్టే గ్లాసు కాడ పట్టుకుని, రెండు తిప్పులు తిప్పి, ముక్కు పెట్టింది. నేను దాని మొహం చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను.

ఉందక్కా అంది. ఆసుపత్రే.

లేదే అన్నాను. ప్లేట్లు చూశాను, పెద్దాయన తాగారు, మా అమ్మాయి కూడా బ్రెడ్డే అంది. ప్లేట్లకేం తెలుసు అంది. నాన్న ఆఖరు నెల ఉన్నది ఆసుపత్రిలోనే కదక్కా. అప్పుడు ఆ చొక్కా వేరు, ఆ వార్డు వేరు, రెండు వాసనలూ నాకు విడివిడిగా ఉండేవి. నువ్వు షీటు మీద రాశాక రెండూ కలిసిపోయాయి. నువ్వు వెతకమన్నావు. నెల్లాళ్ళు వెతికాను. ఇప్పుడు ఎటు వెతికినా అదే దొరుకుతోంది, ఏం చెయ్యను అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఇక్కడ ఇంకోలా రాసుకునేదాన్ని.

మళ్ళీ ఒకసారి వాసన చూసింది. మొహం కాస్త మారింది. ఏదో ఒకటి అందీ అందనట్టు. వెంటనే గ్లాసు నా వైపు చాపి, నువ్వు చూసి చెప్పక్కా అంది. నాలుగేళ్ళ అలవాటు.

అన్నాక గుర్తొచ్చింది దానికి. ఇద్దరం ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాం. అన్ని అద్దాల్లోనూ.

ఎవరో కొలతలు పట్టుకుని వచ్చారు. లేచి వెళ్ళింది. సగం సీసా మూత బిగించి తెచ్చేసుకున్నాను. గ్లాసు మాత్రం అక్కడే ఉంచుకుంది. కావాలని ఉంచుకుందా, మర్చిపోయిందా తెలియదు.

మార్చి 24, ఉదయం 11

నమూనా: పొగ బీరు, సాక్షి సీసా 3, మిగిలిన సగం.
రంగు: పాత ఇత్తడి.
నురగ: లేదు.
తీపి: సన్నగా ఉంది.
పులుపు: లేదు.
చేదు: ఆలస్యంగా వచ్చింది. ఇంకా వెళ్ళలేదు.
వాసన: